ఎండాకాలంలో దక్కన్ దారి: మియాబీవీ ఇద్దరూ బీదర్, గుల్బర్గా, బీజాపూర్ చూసి రావాలంటే

ఏప్రిల్ నెలాఖరుకు పిల్లల పరీక్షలు అయిపోతాయి. వాళ్లు నానీ ఇంటికో దాదీ ఇంటికో వెళ్లిపోతారు. ఇంట్లో మియాబీవీ ఇద్దరే మిగులుతారు. "పెళ్లయి ఇన్నేళ్లయింది, ఇద్దరం కలిసి ఎక్కడికైనా పోయామా?" అన్న మాట చాలా ఇళ్లలో అప్పుడే వినిపిస్తుంది. ఊటీకో కశ్మీర్‌కో పోదామంటే టికెట్లు దొరకవు, దొరికినా ఖర్చు ఎక్కువ. చేతిలో ఉన్నది ఒక చిన్న కారు, ఐదు రోజుల సెలవు, లెక్కపెట్టుకున్న డబ్బు.

అలాంటివాళ్లకు హైదరాబాద్ పక్కనే ఒక మంచి దారి ఉంది. జహీరాబాద్ మీదుగా బీదర్, అక్కడి నుంచి గుల్బర్గా, ఆ తర్వాత బీజాపూర్, మళ్లీ ఇంటికి. వెళ్లి రావడానికి దాదాపు 800 కిలోమీటర్లు. మూడూ ఒకప్పటి రాజధానులే. మూడు చోట్లా దక్కనీ ఉర్దూలో మాట్లాడితే పని అయిపోతుంది. హలాల్ భోజనానికి వెతుక్కోవాల్సిన అవసరం లేదు, నమాజుకు మస్జిద్ ఎక్కడంటే అక్కడ ఉంటుంది. ఇబ్బంది ఒక్కటే, ఎండ. మే నెలలో గుల్బర్గా, బీజాపూర్ వైపు 42, 43 డిగ్రీలు మామూలే. కొన్ని రోజులు అంతకు మించి కూడా పోతుంది.

"ఎండల్లో ఎవరైనా ఊళ్లు తిరుగుతారా?" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఆ మాటలో తప్పు లేదు. ఈ ఊళ్లు చూడటానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. కానీ టీచర్లకు, స్కూలు పిల్లలున్నవాళ్లకు సెలవులు దొరికేది వేసవిలోనే. తప్పనిసరిగా అప్పుడే పోవాల్సినవాళ్లు ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. ఈ ప్రయాణానికి ప్లాను వేయాల్సింది ఎండను చూసి. కిలోమీటర్ల లెక్క ఆ తర్వాత. వందల ఏళ్ల కిందట ఈ ఊళ్లు కట్టినవాళ్లు కూడా ముందు ఎండనూ నీళ్లనూ చూసుకున్నాకే గోడ లేపారు. ఆ సంగతి కళ్లారా తెలిసేది వేసవిలో పోయినవాళ్లకే.

మూడు ఊళ్లు, ఒకే చరిత్ర

1347లో అలావుద్దీన్ హసన్ బహమన్ షా దక్కన్‌లో బహమనీ రాజ్యం స్థాపించాడు. గుల్బర్గా రాజధాని అయింది. 15వ శతాబ్దం మొదటి భాగంలో అహ్మద్ షా వలీ రాజధానిని బీదర్‌కు మార్చాడు. ఆ రాజ్యం బలహీనపడ్డాక ఐదు ముక్కలైంది. బీజాపూర్‌లో ఆదిల్‌షాహీలు, అహ్మద్‌నగర్‌లో నిజాంషాహీలు, బేరార్‌లో ఇమాద్‌షాహీలు, బీదర్‌లో బరీద్‌షాహీలు, గోల్కొండలో కుతుబ్‌షాహీలు వచ్చారు. 1591లో హైదరాబాద్ కట్టించింది ఆ కుతుబ్‌షాహీలే. అంటే చార్మినార్ కథ మొదలయ్యేది బీదర్, గుల్బర్గాల దగ్గరే.

బీదర్, గుల్బర్గా జిల్లాలు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేవి. అందుకే పాతబస్తీలో, సంగారెడ్డిలో, తాండూరులో చాలా కుటుంబాలకు అక్కడ బంధువులున్నారు. 2014 నుంచి గుల్బర్గా పేరు కలబురగి, బీజాపూర్ పేరు విజయపుర. రోడ్డు మీద బోర్డుల్లో, ఫోన్ మ్యాపుల్లో కొత్త పేర్లే కనిపిస్తాయి కాబట్టి రెండూ తెలిసి ఉండాలి.

బయలుదేరే ముందు

సొంత కారుకు కర్ణాటకలో పర్మిట్ అక్కర్లేదు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్స్, ఫాస్టాగ్‌లో డబ్బులు ఉంటే సరిపోతుంది. ఊళ్లలో తిరిగేది కూడా కలిపితే 900 కిలోమీటర్లు అవుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 60 లీటర్ల పెట్రోలు లెక్క వేసుకోవాలి.

వేసవిలో రోడ్డు మీద ఎక్కువ ప్రమాదం టైర్లతోనే. గాలి తక్కువున్న టైరు తిరిగే ప్రతిసారీ ఎక్కువగా నలుగుతుంది, నలిగిన కొద్దీ వేడెక్కుతుంది. కింద రోడ్డు కూడా కాలిపోతుంటుంది. ఆ వేడికి పాత టైరు పేలిపోతుంది. కాబట్టి తెల్లవారుజామున, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించాలి. కంపెనీ చెప్పినంత గాలి పెట్టాలి. దారి మధ్యలో వేడి టైరులో గాలి ఎక్కువ చూపించిందని తీసేయొద్దు. చల్లారాక అది తక్కువైపోతుంది. స్టెప్నీలో కూడా గాలి చూసుకోవాలి. కూలెంట్ ముందే నింపించుకోవాలి. ఇంజిన్ వేడెక్కి ఆవిరి వస్తే రేడియేటర్ మూత వెంటనే తీయొద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.

ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే దాదాపు పది డిగ్రీల వేడి పెరుగుతుంది. ఎక్కగానే ఏసీ వేసి కూర్చోవడం కంటే నాలుగు తలుపులూ తీసి, ఆ వేడి గాలి పోయాక ఏసీ వేస్తే త్వరగా చల్లబడుతుంది. "ఇప్పుడే వస్తా, నువ్వు కార్లోనే కూర్చో" అని ఏసీ ఆపిన కారులో భార్యను వదిలి వెళ్లడం అస్సలు మంచిది కాదు. అమ్మీనో చిన్న పిల్లనో వెంట తీసుకెళ్తే మరీ ప్రమాదం.

షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు పది రోజుల ముందే డాక్టర్‌ను కలవాలి. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీటిని బయటికి పంపిస్తాయి. చెమట కూడా తోడైతే నీరసం, కళ్లు తిరగడం వస్తాయి. మాత్ర మానేయాలా, మోతాదు మార్చాలా అన్నది డాక్టర్ చెప్పాల్సిన సంగతి, సొంత వైద్యం వద్దు. ఇన్సులిన్‌ను డ్యాష్‌బోర్డులో పెడితే పాడైపోతుంది. చల్లటి సంచిలో, మంచు గడ్డకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి పెట్టుకోవాలి.

బట్టలు వదులుగా, పలుచగా, నూలువి అయితే మేలు. బురఖా వేసుకునేవాళ్లు మందపాటి గుడ్డది ఇంట్లో పెట్టి, గాలి ఆడే పలుచటి గుడ్డది, వీలైతే లేత రంగుది తీసుకెళ్తే చాలా తేడా ఉంటుంది. మగవాళ్లు తల మీద రుమాలో టోపీయో లేకుండా కోట ఎక్కొద్దు.

రోజును ఎలా పంచుకోవాలి

ఈ దారిలో రోజును మూడు ముక్కలు చేసుకోవాలి. ఫజర్ నమాజు కాగానే కారు ఎక్కి, పది, పదకొండు గంటల దాకా ప్రయాణమో చూడటమో పూర్తి చేయాలి. పదకొండు నుంచి నాలుగున్నర దాకా గదిలో నీడపట్టున ఉండాలి. అసర్ తర్వాత మళ్లీ బయటికి రావాలి. ఊరికీ ఊరికీ మధ్య దూరం 115 నుంచి 160 కిలోమీటర్లే కాబట్టి ఇది కుదురుతుంది.

ప్రయాణంలో ఉన్నవాళ్లకు నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా చేసుకునే ఖస్ర్ సౌలభ్యం ఉంది. ఎండ మండిపోతున్నప్పుడు జొహర్‌ను కాస్త చల్లబడే దాకా ఆలస్యం చేయమన్న బోధన కూడా హదీసుల్లో ఉంది. దూరం, రోజుల లెక్క విషయంలో సందేహం ఉంటే బయలుదేరే ముందే తమ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడిగి తెలుసుకోవచ్చు.

ఇద్దరికీ డ్రైవింగ్ వస్తే గంటన్నరకు ఒకరు చొప్పున మారితే అలసట ఉండదు. ఒక్కరికే వస్తే రెండోవాళ్ల పని నిద్రపోవడం కాదు. దారి చూడటం, నీళ్లు అందించడం, డ్రైవింగ్ చేసేవాళ్ల కళ్లు మూతలు పడుతున్నాయేమో గమనించడం వాళ్ల బాధ్యత. దాహం వేసే దాకా ఆగకుండా కొంచెం కొంచెం తాగుతూ ఉండాలి. మజ్జిగ, కైరీ పన్నా, తుక్మలంగా వేసిన నిమ్మ షర్బత్ మంచివి. దారిలో బాత్రూమ్ దొరకదని ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. వడదెబ్బకు అదే తొలి మెట్టు. పెట్రోలు బంకుల్లో, పెద్ద హోటళ్లలో ఆగేలా ముందే అనుకుంటే ఈ బాధ ఉండదు.

మొదటి రోజు: బీదర్

హైదరాబాద్ నుంచి బీదర్ దాదాపు 145 కిలోమీటర్లు. ఐదింటికి బయలుదేరితే ఎనిమిదికల్లా చేరొచ్చు. బీదర్ ఎర్ర మొరం రాతి పీఠభూమి మీద ఎత్తుగా ఉంటుంది. గుల్బర్గాతో పోలిస్తే వేడి కాస్త తక్కువ. రాజధాని ఇక్కడికి మారడానికి చరిత్రకారులు చెప్పే కారణాల్లో ఈ వాతావరణం కూడా ఒకటి.

ఉదయం కోట చూడాలి. ఆ రాయినే తొలిచి చేసిన మూడు వరుసల కందకం, ముత్యపు చిప్పలు పొదిగిన రంగీన్ మహల్ అక్కడ ఉన్నాయి. తర్వాత మహమూద్ గవాన్ మదరసా. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి బహమనీ వజీర్ అయిన గవాన్ దీన్ని 1472లో కట్టించాడు. ఔరంగజేబు కాలంలో జరిగిన పేలుడులో సగం కూలిపోయింది. రెండు మినార్లలో ఒక్కటే మిగిలింది. దాని మీద నీలం, పసుపు టైల్స్ ముక్కలు ఇప్పటికీ మెరుస్తున్నాయి.

సాయంత్రం ఊరి బయట ఆష్టూరులో బహమనీ సుల్తానుల గుంబజ్‌లు చూడాలి. అహ్మద్ షా వలీ గుంబజ్ లోపల రంగురంగుల రాతలు, నగిషీలు ఉన్నాయి. ఆయన్ను ముస్లింలే కాదు, హిందువులు కూడా కొలుస్తారు. అల్లమ ప్రభు అని పిలుచుకునే భక్తులున్నారు.

బీదర్‌లో చాలామంది చూడకుండా వచ్చేసేది నౌబాద్ దగ్గరి కరేజ్. ఇది నేల కింద తవ్విన నీటి సొరంగం. ఇరాన్ నుంచి వచ్చిన విద్య. ఇది పని చేసే తీరు తెలుసుకోదగ్గది. బీదర్ పైపొరలో ఉన్న ఎర్ర రాయి స్పంజిలా వాన నీటిని పీల్చుకుంటుంది. కింద నల్లరాయి గట్టిగా ఉండి ఆ నీటిని ఆపేస్తుంది. ఈ రెండింటి మధ్య ఊరే నీటిని పట్టుకోవడానికి కొద్దిపాటి వాలుతో సొరంగం తవ్వారు. మధ్యమధ్యలో గాలికి, పూడిక తీయడానికి, నీళ్లు తోడుకోవడానికి నిలువు బావులు పెట్టారు. మోటారు లేదు, కరెంటు లేదు. వాలు చాలు, నీళ్లు నడుస్తాయి. నేల కింద ఉండటం వల్ల ఎండకు ఆవిరి కావు. ఏళ్ల తరబడి చెత్తతో, మట్టితో పూడిపోయిన ఈ కరేజ్‌లో కొంత భాగాన్ని ఇటీవలి కాలంలో బాగు చేశారు. కానీ చుట్టూ ఇళ్లు, లేఔట్లు పెరిగి, బోర్లు పడితే ఊట ఎండిపోతుంది. పైన కట్టేదాని ఫలితం కింద తెలుస్తుంది.

ఇంటికి ఏదైనా కొనుక్కోవాలంటే బిద్రీ సామాను ఉంది. జింకు, రాగి కలిపిన లోహం మీద వెండి తీగ పొదుగుతారు. చివర్లో బీదర్ కోట మట్టితో చేసిన ద్రావణంలో ముంచితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. పని చేసేవాళ్ల దుకాణాల్లోనే కొంటే డబ్బు వాళ్ల చేతికే అందుతుంది.

రెండో రోజు: గుల్బర్గా

హుమ్నాబాద్ మీదుగా దాదాపు 115 కిలోమీటర్లు. ఎనిమిదిన్నరకల్లా కోటలోని జామా మస్జిద్‌కు చేరుకోవచ్చు. 1367లో ఖజ్వీన్ నుంచి వచ్చిన రఫీ అనే మేస్త్రీ కట్టినట్టు శాసనం చెబుతోంది. మన దగ్గర పెద్ద మస్జిద్‌లకు మధ్యలో ఆకాశం కనిపించే సహన్ ఉంటుంది. ఈ మస్జిద్‌కు అది లేదు. మొత్తం పైకప్పే. చిన్న చిన్న గుమ్మటాల వరుసలు, చుట్టూ వెడల్పాటి కమానులు. కట్టినవాళ్ల ఉద్దేశం ఏదైనా, మే నెలలో బయటి నుంచి లోపలికి అడుగు పెట్టినవాళ్లకు ఆ నీడ విలువ వెంటనే తెలుస్తుంది. వెలుగు వస్తుంది, గాలి వస్తుంది, ఎండ మాత్రం లోపలికి రాదు.

ఖాజా బందా నవాజ్ గేసూదరాజ్ దర్గాకు అసర్ తర్వాత వెళ్లడం మంచిది. ఢిల్లీలో పుట్టిన ఆయన 1400 ప్రాంతంలో గుల్బర్గా వచ్చి, 1422లో ఇక్కడే వఫాత్ అయ్యారు. జుల్‌ఖఅదా నెల మధ్యలో ఉర్సు జరుగుతుంది. చాంద్రమానం కాబట్టి కొన్నేళ్లు అది సరిగ్గా మే నెలలోనే పడుతుంది. అప్పుడు గదులు దొరకవు, కాలు పెట్టే సందు ఉండదు. తేదీ చూసుకుని బయలుదేరాలి. దర్గాలో, కోటల్లో బండలు కాలుతుంటాయి. చెప్పులు విడిచే చోట మేజోళ్లు వేసుకుంటే పాదాలు బొబ్బలెక్కవు.

గుల్బర్గాలో తహరీ, జొన్న రొట్టె బాగుంటాయి. ఇక్కడి కందిపప్పుకు 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. ఇంటికి నాలుగైదు కిలోలు తెచ్చుకోవచ్చు. మిట్ట మధ్యాహ్నం మాత్రం మసాలా బిర్యానీ జోలికి పోకుండా, దాన్ని రాత్రికి ఉంచుకుంటే కడుపు చల్లగా ఉంటుంది.

మూడు, నాలుగు రోజులు: బీజాపూర్

జేవర్గి దగ్గర భీమా నది దాటి, సిందగి మీదుగా దాదాపు 160 కిలోమీటర్లు. తొమ్మిదికి చేరి, గదిలో విశ్రాంతి తీసుకుని, సాయంత్రం తాజ్ బావడీతో మొదలుపెట్టాలి.

మియాబీవీ కలిసి వెళ్లినప్పుడు ఈ ఊరికి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడి పెద్ద బావుల పేర్లు బేగంల పేర్లు. చాంద్ బావడీని మొదటి అలీ ఆదిల్ షా తన బేగం చాంద్ బీబీ పేరు మీద కట్టించాడు. తర్వాతి కాలంలో మొగలుల నుంచి అహ్మద్‌నగర్ కోటను కాపాడిన చాంద్ బీబీ ఈమే. 1620లో కట్టిన తాజ్ బావడీ రెండో ఇబ్రహీం ఆదిల్ షా బేగం తాజ్ సుల్తానా పేరు మీద ఉంది. 1651 నాటి బేగం తలాబ్ ఊరికి నీళ్లిచ్చిన చెరువు. భార్య పేరు మీద మహల్ కట్టించినవాళ్ల గురించి అందరూ చెప్పుకుంటారు. ఈ కరువు నేలలో మాత్రం ఆ పేర్లు నీళ్ల మీద నిలిచాయి.

తాజ్ బావడీ పెద్ద కమాను కింద నుంచి మెట్లు దిగుతాయి. పక్కన బాటసారులు ఉండటానికి గదులు కట్టారు. బావి లోతుగా ఉంటుంది, అడుగున నేల చల్లగా ఉంటుంది, నీరు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది. అందుకే ఎండన పడి వచ్చిన బాటసారికి అది విడిది. ఊరి బయట తోర్వి నుంచి, బేగం తలాబ్ నుంచి నేల కింద గొట్టాల్లో నీరు వచ్చేది. దారి పొడవునా గంజ్ అనే నీటి గోపురాలు కట్టి, నీటి ఒత్తిడి తగ్గేలా, ఒండ్రు అడుగుకు దిగేలా చేశారు. ఈ బావుల్లో చాలా వాటిని జనం చెత్తకుండీలు చేసేశారు. తాజ్ బావడీ కూడా అలాగే పాడైతే ఇటీవలి సంవత్సరాల్లో పూడిక తీశారు. పాచి పట్టిన మెట్లు జారుతాయి కాబట్టి నీటి అంచు దాకా దిగొద్దు.

సాయంత్రం వెలుగులో ఇబ్రహీం రౌజా చూడాలి. దీన్ని తాజ్ సుల్తానా కోసం మొదలుపెట్టారని అంటారు. 1627లో ఇబ్రహీం ముందుగా చనిపోయాడు. ఇప్పుడు ఇద్దరూ అక్కడే ఉన్నారు.

నాలుగో రోజు పొద్దున్నే, గేటు తీయగానే గోల్ గుంబజ్‌కు పోవాలి. 1656లో చనిపోయిన మహమ్మద్ ఆదిల్ షా సమాధి ఇది. బయటి కొలత ప్రకారం గుమ్మటం అడ్డకొలత దాదాపు 44 మీటర్లు. మధ్యలో ఒక్క స్తంభం లేదు. పైన చుట్టూ ఉన్న గ్యాలరీలో ఈ పక్క గోడకు చెవి ఆనిస్తే ఆ పక్క గుసగుస కూడా వినిపిస్తుంది. దాన్ని వినాలంటే జనం రాకముందే వెళ్లాలి. ఏడు అంతస్తుల ఇరుకు మెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్లు కింద నుంచి చూస్తే చాలు. ఇంత మందపు గోడలు పగటి వేడిని మెల్లగా పీలుస్తాయి. అందుకే పొద్దున లోపల హాయిగా ఉంటుంది, సాయంత్రానికి అదే గోడ వేడిని వదలడం మొదలుపెడుతుంది.

మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని, నాలుగున్నరకు తిరుగు ప్రయాణం కట్టాలి. రాత్రి ఎనిమిదికల్లా గుల్బర్గా చేరి అక్కడ పడుకుని, ఐదో రోజు ఫజర్ తర్వాత బయలుదేరితే 220 కిలోమీటర్ల దారి ఎండ ముదరకముందే అయిపోతుంది. బీజాపూర్ నుంచి ఒకే ఊపున వచ్చేద్దామని మిట్ట మధ్యాహ్నం స్టీరింగ్ పట్టుకోవడం, లేదా అర్ధరాత్రి దాకా లారీల మధ్య నడపడం, రెండూ ప్రమాదమే. ఒక రాత్రి గది అద్దె మిగులుతుందని చూసుకోకూడని చోటు ఇది.

వడదెబ్బ గుర్తులు

తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, కండరాలు పట్టేయడం, విపరీతమైన చెమట వస్తే అది మొదటి హెచ్చరిక. వెంటనే నీడకు చేర్చి, పడుకోబెట్టి, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపిన ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగించాలి. మాట తడబడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం, ఒళ్లు కాలిపోవడం, స్పృహ తప్పడం వస్తే అది వడదెబ్బ. ప్రాణాలకు ముప్పు. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ ఉండాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. ఇలాంటప్పుడు భార్య "పరవాలేదు, బాగానే ఉన్నా" అన్నా, భర్త "ఇంకో యాభై కిలోమీటర్లే కదా" అన్నా వినొద్దు. కారు ఆపాల్సిందే.

గర్భిణులు, ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఈ ప్రయాణం చలికాలానికి వాయిదా వేసుకోవాలి. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. మే 25 దాటాక ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా ఆగడమే మేలు. మొదటి వానలు పడ్డాక బీదర్ పచ్చబడుతుంది, కరేజ్‌లో ఊట పెరుగుతుంది. ఊళ్లు ఎక్కడికీ పోవు. అప్పుడైనా వెళ్లొచ్చు.